నోరు పెగలని దుఃఖానికి ఒక దారి

షిలోహు మందిరంలో ఒక స్త్రీ ప్రార్థన చేసుకుంటోంది. పెదవులు కదులుతున్నాయి గాని స్వరం బయటికి రావడం లేదు. ద్వారం దగ్గర కూర్చున్న యాజకుడు ఏలీ ఆమెను చూసి, తాగి వచ్చిందనుకుని గద్దించాడు. హన్నా కథ మనందరికీ తెలిసిందే. సమూయేలు పుట్టడం, తల్లి మొక్కుబడి చెల్లించడం, ఆమె పాడిన పాట, వీటి మీద ఎన్నో ప్రసంగాలు విన్నాం. ఈ మొదటి దృశ్యం దగ్గర మాత్రం మనం ఎక్కువసేపు ఆగం. దేవుని మందిరంలోనే, దేవుని సేవకుడి కళ్లెదుటే, ఒక మనిషి దుఃఖం అపార్థానికి గురైంది. ఎందుకంటే ఆ దుఃఖానికి వినబడే మాట లేదు.

మన ఆరాధనల్లోనూ అలాంటివాళ్లు ఉన్నారు. "సాక్ష్యం చెప్పేవాళ్లు ఎవరైనా ఉన్నారా?" అని పాస్టరు గారు అడిగినప్పుడు లేచేది జయం పొందినవాళ్లే. జ్వరం తగ్గింది, ఉద్యోగం దొరికింది, వీసా వచ్చింది, అప్పు తీరింది. దేవునికి స్తోత్రం, వాళ్లతో పాటు మనమూ సంతోషిస్తాం. మరి ఇంకా జయం రానివాళ్ల సంగతేమిటి? కొడుకును పోగొట్టుకుని రెండేళ్లయినా రాత్రిళ్లు నిద్ర పట్టని తల్లి, పంట పోయి బాకీదారుల ముఖం చూడలేని రైతు, ఇంటర్ తప్పి ఎవరితోనూ మాట్లాడని పిల్లవాడు, తాగి వచ్చే భర్త గురించి ఎవరికీ చెప్పుకోలేని ఇల్లాలు. వాళ్లు చివరి వరుసలో కూర్చుని, ఆశీర్వాదం అవగానే బయటికి వెళ్లిపోతారు. "ఎలా ఉన్నారమ్మా?" అని అడిగితే, "ప్రభువు కృప వల్ల బాగానే ఉన్నామండి" అంటారు. అది అబద్ధం కాదు, అలా అనడమే మనం నేర్పాం కాబట్టి అంటారు.

అలాంటివారి కోసం ఈ వారం ఒక విషయం వివరంగా చెప్పాలనుకున్నాం. బొమ్మలు గీయడం, పాడడం, రాయడం, మట్టితో రూపాలు చేయడం, నటించడం, తాళానికి అడుగులు వేయడం ద్వారా గాయపడిన మనసును ఆదుకునే పద్ధతి ఒకటి ఉంది. దాన్ని సృజనాత్మక కళల చికిత్స అంటారు. ఇది ఎక్కడ పుట్టింది, ఎలా పని చేస్తుంది, ఎక్కడ పని చేయదు, మన సంఘాలు దీన్నుంచి ఏం తీసుకోవచ్చు అన్నవి ఒక్కొక్కటిగా చూద్దాం.

మంచం పట్టిన చిత్రకారుడు

1938లో ఇంగ్లండులో ఏడ్రియన్ హిల్ అనే చిత్రకారుడు క్షయతో ఒక శానటోరియంలో చేరారు. అప్పటికి ఆ జబ్బును నయం చేసే మందు లేదు. నెలల తరబడి పడుకుని ఉండడమే వైద్యం. ఆ పడక మీదే ఆయన దగ్గరలో కనబడిన వస్తువుల బొమ్మలు గీయడం మొదలుపెట్టారు. ఒళ్లు కదలకపోయినా మనసు కాస్త తేలిక పడుతోందని గమనించారు. కోలుకున్న తరువాత తోటి రోగులకు, యుద్ధంలో గాయపడి వచ్చిన సైనికులకు కూడా గీయడం నేర్పించారు. నోటితో చెప్పలేని యుద్ధ భయాలను ఆ సైనికులు కాగితం మీద పెట్టారు. 1942లో ఈ పనికి 'ఆర్ట్ థెరపీ' అని పేరు పెట్టింది హిల్ గారే. 1945లో తన అనుభవాన్ని పుస్తకంగా రాశారు.

అవే సంవత్సరాల్లో అమెరికాలోనూ ఇలాంటి ప్రయత్నాలు సాగాయి. 1942లో మేరియన్ చేస్ అనే నర్తకి వాషింగ్టన్‌లోని ఒక మానసిక వైద్యశాలలో, మాటలు మానేసిన రోగులతో నాట్యం ద్వారా సంబంధం ఏర్పరచుకునే పని మొదలుపెట్టారు. 1944లో మిషిగన్‌లో మ్యూజిక్ థెరపీకి విశ్వవిద్యాలయ కోర్సు ప్రారంభమైంది. యుద్ధం నుంచి తిరిగి వచ్చినవాళ్ల మనసులు చూసిన వైద్యులకు, మాటలతో మాత్రమే నడిచే చికిత్స అందరికీ చాలదని అర్థమైంది.

ఈ చికిత్సలో జరిగేది చాలా సాదా పని. శిక్షణ పొందిన థెరపిస్టు ఒక గదిలో కాగితాలు, రంగులు, బంకమట్టి పెట్టి ఉంచుతారు. వచ్చిన మనిషి తనకు తోచింది చేస్తాడు. బాగా గీయాలన్న నియమం లేదు, మార్కులు లేవు. పని అయ్యాక థెరపిస్టు, "దీని గురించి ఏమైనా చెప్పాలనిపిస్తోందా?" అని అడుగుతారు. చెప్తే వింటారు, చెప్పకపోతే ఊరుకుంటారు. "నల్లరంగు వాడావు కాబట్టి నీకు దిగులు" అని సోది చెప్పినట్టు చెప్పరు. ఆ బొమ్మకు అర్థం చెప్పే హక్కు గీసినవాళ్లదే.

మనసు ఎందుకు తేలిక పడుతుంది?

నాలుగు కారణాలు చెప్పుకోవచ్చు.

మొదటిది, లోపల ఉన్నది బయటికి వచ్చి కంటికి కనబడుతుంది. గుండెలో ఉన్నంతసేపు దుఃఖానికి హద్దు ఉండదు, మనిషంతా అదే అయిపోతాడు. కాగితం మీదకు వచ్చేసరికి దానికి నాలుగు అంచులు ఏర్పడతాయి. దాన్ని చూడవచ్చు, మడిచి పెట్టవచ్చు, రేపు మళ్లీ తీసి చూడవచ్చు. "నేనే దుఃఖం" అనుకున్న మనిషి "నాకొక దుఃఖం ఉంది" అనుకోగలుగుతాడు.

రెండోది, శరీరం కూడా ఇందులో పాలు పంచుకుంటుంది. దిగులు తలలో మాత్రమే ఉండదు. గుండె దడ, మెడ బిగుసుకోవడం, ఊపిరి ఆడనట్టుండడం అన్నీ దానివే. పాట పాడాలంటే ఊపిరి నిండా పీల్చుకుని నెమ్మదిగా వదలాలి. మట్టి పిసకాలంటే చేతులకు బలం పెట్టాలి. కుట్టాలంటే ఒకే కదలిక మళ్లీ మళ్లీ చేయాలి. ఇవన్నీ ఒంటికి నెమ్మదిని నేర్పుతాయి.

మూడోది, చేజారిన అధికారం కొంత తిరిగి చేతికి వస్తుంది. చావు, జబ్బు, వరద, అప్పు, వీటి ముందు మనిషి నిస్సహాయుడు. ఏ రంగు వాడాలి, ఎక్కడ ఆపాలి అన్నది మాత్రం అతని ఇష్టం. చిన్న విషయమే గాని, ఏదీ తన చేతుల్లో లేదనుకున్నవాడికి అది చిన్నది కాదు.

ఇక్కడ ఒక స్త్రీని తలుచుకోవాలి. ఫ్రీడల్ డిక్కర్ బ్రాండైస్ వియన్నాలో పుట్టిన యూదు చిత్రకారిణి. 1942 డిసెంబరులో నాజీలు ఆమెను టెరెజిన్ నిర్బంధ స్థలానికి పంపించారు. అక్కడి పిల్లలకు ఆమె దొరికిన చిత్తు కాగితాల మీదే బొమ్మలు గీయడం నేర్పారు. మనుషులను అంకెలుగా లెక్కపెట్టే ఆ చోట, ప్రతి బొమ్మ మీదా పిల్లల చేత వాళ్ల పేరు రాయించారు. 1944 అక్టోబరులో ఆమెను ఆష్విట్జ్‌కు పంపి చంపేశారు. వెళ్లేముందు పిల్లలు గీసిన సుమారు 4,500 బొమ్మలను రెండు పెట్టెల్లో దాచారు. అవి ఇప్పుడు ప్రాగ్ నగరంలోని యూదు మ్యూజియంలో ఉన్నాయి. ఆ పిల్లల్లో చాలామంది బతకలేదు. కళ వాళ్ల ప్రాణం కాపాడలేకపోయింది. కాని బతికినన్నాళ్లు వాళ్లు పేరున్న పిల్లలుగా బతికారు. ఆమె దగ్గర నేర్చుకున్న ఈడిత్ క్రేమర్ అమెరికా వెళ్లి, పిల్లల ఆర్ట్ థెరపీకి పునాది వేసినవారిలో ఒకరయ్యారు.

నాలుగోది, పక్కన ఒకరు ఉంటారు. ఇదే అన్నిటికన్నా ముఖ్యం. యోబు స్నేహితులు అతని దగ్గర ఏడు రాత్రింబగళ్లు నేల మీద కూర్చున్నారు, ఎవరూ ఒక్క మాట మాట్లాడలేదు. ఆ ఏడు రోజులూ వాళ్లు మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణాలు చెప్పడం మొదలుపెట్టాకే యోబుకు భారమయ్యారు.

లేఖనాల్లో ఉన్నదే

ఇదంతా పాశ్చాత్యుల కొత్త వ్యవహారమని కొందరు విశ్వాసులు అనుమానపడవచ్చు. బైబిలు తెరిస్తే ఆ అనుమానం నిలవదు.

150 కీర్తనల్లో సుమారు మూడో వంతు మొరలే, విలాపాలే. వాటిలో చాలా వరకు చివరికి నమ్మకం వైపు తిరుగుతాయి. 88వ కీర్తన మాత్రం తిరగదు, చీకటి దగ్గరే ఆగిపోతుంది. ఎవరూ దానికి ఒక సంతోషపు చరణం అతికించలేదు. దేవుని ప్రజలు దాన్ని అలాగే తమ పాటల పుస్తకంలో ఉంచుకున్నారు. జయంతో ముగియని ప్రార్థన కూడా ప్రార్థనే అని దానర్థం.

విలాపవాక్యముల గ్రంథం చూడండి. యెరూషలేము కాలిపోయింది, పిల్లలు ఆకలితో వీధుల్లో పడిపోతున్నారు. అంత ఘోరాన్ని రాసినవాడు దాన్ని అక్షరమాల వరుసలో పెట్టాడు. మొదటి నాలుగు అధ్యాయాలు హెబ్రీ భాషలోని 22 అక్షరాల క్రమంలో నడుస్తాయి. మూడో అధ్యాయంలో ఒక్కో అక్షరానికి మూడేసి వచనాలు, మొత్తం 66. మన భాషలో అ, ఆ, ఇ, ఈ అంటూ ఒక్కో అక్షరంతో ఒక్కో ఏడుపు మొదలుపెట్టినట్టన్నమాట. ఊరంతా కూలిపోయినప్పుడు అక్షరాలైనా కూలకుండా ఉన్నాయి. ఆ వరుసను పట్టుకుని ఆయన ఏడ్చాడు. అంతులేని దుఃఖానికి ఒక గట్టు వేశాడు. రంగులున్న కాగితం ముందు కూర్చున్న మనిషికి థెరపిస్టు ఇచ్చేది కూడా అలాంటి గట్టే.

మన పల్లెల్లో పెద్దవాళ్లు రాగం తీసి ఏడవడం గుర్తుందా? పోయినవాళ్ల గుణాలన్నీ వరుసపెట్టి పాడినట్టు చెప్పుకుని ఏడ్చేవారు. మనం క్రైస్తవులమయ్యాక కొన్ని సంఘాల్లో అది అవిశ్వాసమని మాన్పించాం. నిరీక్షణ లేనివారిలా దుఃఖపడవద్దని పౌలు థెస్సలొనీకయులకు రాశాడు గాని, అసలు దుఃఖపడవద్దని రాయలేదు. లాజరు సమాధి దగ్గర ప్రభువు కన్నీళ్లు పెట్టుకున్నాడు, కొద్దిసేపట్లో అతన్ని లేపబోతున్నానని తెలిసి కూడా. మనం ఆ రాగాన్ని తీసేసి, దాని చోట ఏమీ పెట్టలేదు.

ఎంతవరకు పని చేస్తుంది?

మేలు చేస్తుందనడానికి ఆధారాలున్నాయి. 1986లో జేమ్స్ పెన్నెబేకర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త కొందరు విద్యార్థుల చేత వరుసగా నాలుగు రోజులు, రోజుకు 15 నిమిషాలు, తమను అన్నిటికన్నా బాధించిన సంగతిని రాయించారు. రాసిన వెంటనే వాళ్ల మనసు మరింత బరువెక్కింది. కాని జరిగినదాన్నీ దాని వల్ల కలిగిన బాధనూ కలిపి రాసినవాళ్లు, ఆ తరువాతి నెలల్లో వైద్యం కోసం వెళ్లడం తగ్గింది. 2016లో అమెరికాలో 39 మంది పెద్దలు 45 నిమిషాలు బొమ్మలు గీసి, మట్టి పని చేశాక పరీక్షిస్తే, సుమారు నాలుగింట మూడు వంతుల మందిలో ఒత్తిడిని సూచించే కార్టిసోల్ తగ్గింది. ముందు నుంచి బొమ్మలు వేయడం వచ్చినవాళ్లకూ రానివాళ్లకూ తేడా కనబడలేదు. 2017లో వైద్య పరిశోధకులు డిప్రెషన్ మీద జరిగిన 9 అధ్యయనాలను కలిపి చూశారు. మామూలు వైద్యానికి మ్యూజిక్ థెరపీ జత చేస్తే, వైద్యం ఒక్కటే ఇచ్చినదానికన్నా కొంతకాలం పాటు ఎక్కువ గుణం కనిపించింది. 'జత చేస్తే' అన్న మాట గమనించండి.

హద్దులు కూడా ఉన్నాయి. 2012లో బ్రిటన్‌లో స్కిజోఫ్రీనియా ఉన్న 417 మందితో జరిగిన పెద్ద పరిశోధనలో, సామూహిక ఆర్ట్ థెరపీ మామూలు వైద్యానికి అదనంగా ఏ మేలూ చూపలేదు. ఇది దాచవలసిన విషయం కాదు. అన్ని జబ్బులకూ ఒకే మందు అని ఎవరైనా చెప్తే, వాళ్లను నమ్మకూడదు.

ఈ సత్యం మనకు సౌలు కథలోనే ఉంది. దావీదు సితారా వాయిస్తే సౌలు సేదతీరాడని 1 సమూయేలు 16లో చదువుతాం. సంగీతం గురించి మాట్లాడే ప్రతివాళ్లూ ఆ వచనమే చూపిస్తారు. అదే గ్రంథం 18, 19 అధ్యాయాలు కూడా చదవాలి. అదే దావీదు, అదే సితారా. ఈసారి సౌలు ఈటె విసిరాడు, ఒక్కసారి కాదు. సంగీతం అతని కలతను కాసేపు చల్లార్చింది గాని, అతని గుండెలోని అసూయను తీయలేకపోయింది. కళ ఉపశమనం ఇస్తుంది. మారుమనస్సు పని అది చేయదు, మాత్ర చేయవలసిన పని కూడా అది చేయదు.

కౌపర్‌ను మోసిన సంఘం

మన మందిరాల్లో పాడే ఇంగ్లీషు కీర్తనల్లో విలియం కౌపర్ రాసినవి ఉన్నాయి. ప్రభువు రక్తపు ఊట గురించి ఆయన రాసిన పాట ఎందరినో రక్షణలోకి నడిపింది. ఆ పాట రాసిన మనిషి జీవితమంతా మానసిక వ్యాధితో పోరాడాడన్నది మనలో కొందరికే తెలుసు.

కౌపర్ 1731లో పుట్టారు. 1763లో వ్యాధి తీవ్రమై ప్రాణం తీసుకోబోయారు. వైద్యశాలలో ఉన్నప్పుడే 1764లో సువార్త ఆయన గుండెను తాకింది. తరువాత ఓల్నీ అనే ఊరికి వచ్చి, అక్కడి పాదిరి జాన్ న్యూటన్‌కు ఆప్తమిత్రుడయ్యారు. ఇద్దరూ కలిసి రాసిన కీర్తనల పుస్తకం 1779లో అచ్చయింది. ఆ మధ్యలో 1773లో వ్యాధి తిరగబెట్టింది. దేవుడు తనను విడిచిపెట్టేశాడన్న తలంపు ఆయనను పట్టుకుంది. అది చివరి వరకూ పూర్తిగా వదలలేదు.

న్యూటన్ ఏం చేశారంటే, మిత్రుణ్ణి తన ఇంట్లోనే ఏడాదికి పైగా ఉంచుకున్నారు. "నీ విశ్వాసం చాలలేదు" అని వెళ్లగొట్టలేదు. 1774లో ఎవరో కౌపర్‌కు ఒక కుందేలు పిల్లను ఇచ్చారు. తరువాత మరికొన్ని వచ్చాయి. వాటికి గూళ్లు చేయడానికి వడ్రంగం పట్టారు, తోట వేశారు, బొమ్మలు గీశారు. ఆయనను ఇంటిమనిషిలా చూసుకున్న మేరీ అన్‌విన్ ప్రోత్సహిస్తే పెద్ద కవితలు రాశారు. 1785లో అచ్చయిన కవిత ఆయనను దేశమంతటా ప్రసిద్ధుణ్ణి చేసింది. చేతులకు పని, కళ్లకు పచ్చదనం, మనసుకు మాటలు దొరికినంతకాలం ఆయన నిలబడ్డారు.

ఆయన పూర్తిగా బాగుపడలేదు. 1800లో చనిపోయేనాటికీ ఆ చీకటి ఉంది. అయినా కవిత్వం, కుందేళ్లు, ఒక పాదిరి ఓర్పు, ఒక స్త్రీ శ్రద్ధ కలిసి, చావు అంచున ఉన్న మనిషిని దశాబ్దాల పాటు మోశాయి. ఆయన పాటలు ఈనాటికీ మనల్ని మోస్తున్నాయి. ఒక మనిషిని బతికించి ఉంచడం చిన్న పరిచర్య కాదు.

మన సంఘంలో ఎలా మొదలుపెట్టాలి?

ముందు ఒక మాట స్పష్టం చేయాలి. సంఘంలో మనం చేయగలిగింది చికిత్స కాదు. థెరపీ అన్న మాట శిక్షణ పొందినవాళ్లు చేసే పనికే చెందాలి. మనం చేసేది ఆదరణ. అందుకు కావలసినవన్నీ మన దగ్గర ముందే ఉన్నాయి. పురుషోత్తము చౌదరి గారి కాలం నుంచి దుఃఖాన్ని పాటగా పాడుకున్న సంఘాలు మనవి. క్రిస్మస్‌కు నక్షత్రం కట్టే యవ్వనస్తులు, వాకిట్లో నక్షత్రం ముగ్గు వేసే చేతులు, కోలాటం నేర్పే అన్నలు, బుర్రకథ చెప్పే సేవకులు, కుట్టుమిషను మీద బతుకు నెట్టుకొచ్చిన అక్కలు, వీళ్లంతా మన మధ్యే ఉన్నారు. ఈ చేతులను ఇన్నాళ్లూ పండుగలకే పిలిచాం. ఇకపై దుఃఖానికీ పిలుద్దాం.

ఆరేడుగురు మించకుండా ఒక చిన్న గుంపు చాలు. వారానికి ఒకసారి, ఒకే రోజు, ఒకే సమయం, గంటన్నర. ఆరు వారాలు. మందిరం పక్క గది గాని, ఎవరింటి వరండా గాని. కాగితాలు, మైనపు రంగులు, కుమ్మరి దగ్గర తెచ్చిన మట్టి, సూది దారం ఉంటే సరిపోతుంది. నడిపేవాళ్లు ఎక్కువ మాట్లాడేవాళ్లు కాక, వినేవాళ్లు కావాలి.

మొదటి వారం నచ్చిన పాట ఒకటి నెమ్మదిగా పాడుకుని, ఆ పాట తమకు ఏ రోజును గుర్తు చేస్తుందో చెప్పాలనుకున్నవాళ్లు చెప్పవచ్చు. రెండో వారం ఎవరి కీర్తన వాళ్లు రాసుకోవచ్చు. దేవుణ్ణి పిలవడం, జరిగింది చెప్పడం, కావలసింది అడగడం, చివరికి నమ్మకపు మాట ఒకటి. ఆ నమ్మకపు మాట ఇంకా రాకపోతే ఆ చోటు ఖాళీగా వదిలేయమనండి. 88వ కీర్తన మనకు ఆ అనుమతి ఇచ్చింది. రాయడం రానివాళ్లు చెప్తుంటే పక్కవాళ్లు రాసి పెట్టవచ్చు. మూడో వారం విలాపవాక్యములను చదివి, మన అక్షరాల వరుసలో ఒక్కో మాట వెతుక్కోవచ్చు. అ అంటే అమ్మ, ఆ అంటే ఆసుపత్రి, ఇ అంటే ఇల్లు. అలా ఎవరికి వచ్చిన మాట వాళ్లది.

నాలుగో వారం మట్టి. గుండెలో ఉన్న భారానికి ఏ ఆకారం ఉందో చేతులనే అడగమనండి. అయిదో వారం పోయినవాళ్ల చీర ముక్కో, చొక్కా ముక్కో తెచ్చుకుని చిన్న గుడ్డగా కుట్టుకోవచ్చు. కుడుతూ ఉంటే ఎదుటివాళ్ల కళ్లలోకి చూడనక్కర్లేదు కాబట్టి మాటలు వాటంతట అవే వస్తాయి. ఆరో వారం, చేసినవన్నీ ముందు పెట్టుకుని నిశ్శబ్దంగా కూర్చుని, ఒక చిన్న ప్రార్థనతో ముగించండి.

పిల్లల విషయంలో ఇంకా జాగ్రత్త కావాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలో ఇళ్లు మునిగినప్పుడు పిల్లలూ ఆ నీళ్లు చూశారు. అలాంటి పిల్లలను కూర్చోబెట్టి "వరద బొమ్మ గీయండి" అని అడగకూడదు. కాగితం, రంగులు ఇచ్చి పక్కన కూర్చోండి. వాళ్లకు ఎప్పుడు గీయాలనిపిస్తే అప్పుడు గీస్తారు. గాలిపటం గీస్తే గాలిపటమే మంచిది.

చేయకూడనివి

బొమ్మకు అర్థం చెప్పకండి. బాగుందని గాని, బాగోలేదని గాని అనకండి. ఫోటో తీసి సంఘం వాట్సాప్ గుంపులో పెట్టకండి. సండే స్కూలు గోడకు అంటించకండి, బహుమతులు ఇవ్వకండి. అక్కడ విన్నది ఇంటికి తీసుకెళ్లకండి. ప్రార్థన అంశం పేరుతో ఒకరి సంగతి పదిమందికి చేరవేయడం మన సంఘాల్లో ఉన్న చెడ్డ అలవాటు, అది ఈ గదిలోకి రాకూడదు. ఎవరైనా ఏడిస్తే ఊరుకోమని తొందరపెట్టకండి. వచనం చెప్పి నోరు మూయించకండి. వచనం దేవుని మాటే గాని, సమయం కాని సమయంలో అది గాయం మీద ఉప్పవుతుంది. వాళ్ల కథను వచ్చే ఆదివారం సాక్ష్యంగా చెప్పమని అడగకండి.

పిల్లలు గాని, స్త్రీలు గాని తమ మీద జరిగిన హింస గురించి చెప్తే మాత్రం ఊరుకోకూడదు. పిల్లలకు 1098 నంబరు ఉంది. కాపాడవలసిన చోట గోప్యత అడ్డం పెట్టకూడదు.

డాక్టరు దగ్గరికి ఎప్పుడు?

రెండు వారాలు దాటినా నిద్ర, ఆకలి లేకుండా ఉన్నా, ఏ పని మీదా ఆసక్తి లేకపోయినా, ఎవరికీ వినబడని స్వరాలు వినబడుతున్నా, బతకాలని లేదన్న మాట వచ్చినా, కాగితం, రంగులు చాలవు. చావు మాట ఎత్తినవాళ్లను సూటిగా, ప్రేమగా అడగండి: "ప్రాణం తీసుకోవాలనిపిస్తోందా?" అడిగితే ఆ ఆలోచన పుడుతుందన్నది అపోహ. అలాంటివాళ్లను ఒంటరిగా వదలకండి, ఇంట్లోని పురుగుమందు తీసేయండి, డాక్టరు దగ్గరికి తోడు వెళ్లండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో ప్రారంభించిన టెలీ మానస్ సేవ 14416 నంబరులో రాత్రింబగళ్లు ఉచితంగా దొరుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్నంలోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు ఉన్నాయి.

2015-16లో నిమ్హాన్స్ జరిపిన జాతీయ సర్వేలో, మన దేశంలో మానసిక జబ్బులున్నవాళ్లలో జబ్బును బట్టి 70 నుంచి 92 శాతం మందికి వైద్యం అందడం లేదని తేలింది. దీనికి సంఘం కూడా కొంత బాధ్యత వహించాలి. ఉపవాస ప్రార్థన పేరుతో మాత్రలు మాన్పించినవాళ్లు మనలో ఉన్నారు. ప్రతి దిగులుకూ దయ్యమని పేరు పెట్టినవాళ్లూ ఉన్నారు. పౌలు తన సహపనివాడైన లూకాను ప్రియమైన వైద్యుడని పిలుచుకున్నాడు. బి.పి. మాత్ర వేసుకునే పాస్టరు గారు, డిప్రెషన్ మాత్ర వేసుకునే విశ్వాసిని అవిశ్వాసి అనడానికి లేదు. ప్రార్థన చేద్దాం, మందు వేయిద్దాం, పక్కన కూర్చుని రంగులు అందిద్దాం. ఒకటి చేస్తే మిగిలినవి మానాలని ఏ లేఖనమూ చెప్పలేదు.

మళ్లీ షిలోహుకు వెళదాం. ఏలీ తప్పు చేశాడు, కాని తప్పు దగ్గరే ఆగిపోలేదు. హన్నా తన గుండెను కుమ్మరించుకుంటున్నానని చెప్పగానే విన్నాడు. మాట మార్చుకున్నాడు, సమాధానంతో వెళ్లమన్నాడు. ఆమె వెళ్లి భోజనం చేసింది, ఆ తరువాత ఆమె ముఖం దుఃఖంగా లేదని వాక్యం చెప్తోంది. అప్పటికి బిడ్డ పుట్టలేదు, పరిస్థితి ఏమీ మారలేదు. తన దుఃఖాన్ని ఒకరు విన్నారు, అంతే. ఆమె పాట ఆ తరువాత అధ్యాయంలో గాని రాలేదు.

ఈ ఆదివారం ఆశీర్వాదం అయ్యాక, చివరి వరుసలోంచి గబగబా వెళ్లిపోయేవారిని ఒకసారి చూడండి. వాళ్లను పాట పాడమని తొందరపెట్టవద్దు. ముందు కూర్చోవడానికి కాస్త చోటు ఇద్దాం.